ఈబుక్ కొంటే అది మనదేనా? కిండిల్, గూగుల్ ప్లే, తాళం లేని ఫైలు

"కిండిల్‌లో కొనమంటారా, గూగుల్ ప్లే బుక్స్‌లోనా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ధర, స్క్రీన్ సంగతులు అందరికీ తెలిసినవే. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. అమ్మిన షాపు మూతపడినా, పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరుచుకుంటుందా?

పదేళ్ల కిందట ఒక చిన్న సైటులో మా అమ్మ కోసం నాలుగు తెలుగు నవలలు కొన్నాను. తర్వాత ఆ సైటు మూతపడింది. ఫైళ్లు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి కదా అనుకున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరవబోతే అనుమతి కావాలంది. ఆ అనుమతి ఇవ్వాల్సిన సర్వరే లేదు. అమ్మ సగం చదివిన నవల సగంలోనే ఆగిపోయింది.

చిన్న సైటు కాబట్టి అలా జరిగిందనుకోవద్దు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ స్టోర్ మూసేసినప్పుడు కొన్నవాళ్ల పుస్తకాలన్నీ పోయాయి. డబ్బు వెనక్కి ఇచ్చారు, నిజమే. కానీ పుస్తకం పోయాక ఆ డబ్బు ఏం చేసుకుంటాం? 2009లో అమెజాన్ కూడా, తన స్టోర్‌లో పెట్టి అమ్మినవాళ్లకు హక్కులు లేవని తేలాక, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని పాఠకుల కిండిల్స్‌లోంచే తీసేసింది.

చదవడానికి కిండిల్ అంత హాయి ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. కానీ కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించుకునే వీలును 2025 ఫిబ్రవరి 26న తీసేశారు. నాకు అక్కడే మనసు విరిగింది. పైగా 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాల కోసం ప్రత్యేక స్టోర్ తెరిచినప్పుడు అందులో తెలుగు లేదు.

గూగుల్ ప్లే కొంత నయం. చాలా పుస్తకాలకు ఎక్స్‌పోర్ట్, అంటే ఫైలు దించుకునే వీలు, ఉంటుంది. పబ్లిషర్ తాళం (డీఆర్ఎం, అంటే అనుమతి లేకుండా కాపీ చేయకుండా, తెరవకుండా పెట్టే డిజిటల్ అడ్డు) వేయకపోతే ఈబుక్‌లకు వాడే ఈపబ్ ఫైలు గానీ పీడీఎఫ్ గానీ నేరుగా చేతికొస్తుంది. తాళం వేస్తే మాత్రం వచ్చేది ఏసీఎస్ఎం ఫైలు. అది పుస్తకం కాదు, పుస్తకాన్ని దించుకోవడానికి అనుమతి చీటీ లాంటిది. దాన్ని అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి, అంటే మళ్లీ ఇంకొకరి సర్వర్ మీద ఆధారపడాలి. అందుకే కొనే ముందు పుస్తకం వివరాల్లో డీఆర్ఎం గురించి ఏం రాశారో చూడండి.

నెలవారీ చందాలు అద్దె లాంటివి. ఒకసారి చదివి వదిలేసే పుస్తకాలకు చాలు.

నా ఓటు తాళం లేని ఫైలుకే. టోర్ అనే అమెరికన్ పబ్లిషర్ 2012లోనే తన ఈబుక్స్‌కి తాళం తీసేసింది. కొందరు తాళం బదులు కొన్నవాళ్ల పేరో ఈమెయిలో ఫైలులో ముద్రిస్తారు. అది నాకు న్యాయంగా అనిపిస్తుంది. తెలుగు ప్రచురణకర్తల భయం నాకు తెలుసు. టెలిగ్రామ్ గ్రూపుల్లో పుస్తకాలు అలా తిరుగుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ నాకు కనిపించిన వాటిలో ఎక్కువ భాగం అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసినవే. వాటిని ఏ డీఆర్ఎం ఆపుతుంది? తాళం బాధంతా డబ్బు పెట్టి కొన్నవాళ్లకే.

ఇప్పుడు తాళం లేని ఫైలు దొరికితే కొని, ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఇంకోటి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటున్నాను. దొరక్కపోతే, దాచుకోవాలనుకున్నది అచ్చులోనే కొంటున్నాను. అమ్మ సగంలో ఆపేసిన ఆ నవల కోసం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పాత పుస్తకాల స్టాళ్లన్నీ వెతకాలి.