హసన్ సంధి, హుసేన్ తెగింపు: ఏది ఎప్పుడు?

పీర్ల పండుగలో ప్రవక్త ముహమ్మద్ మనవలు హసన్, హుసేన్ ఇద్దరి పేర్లూ కలిపే తలుచుకుంటాం. అన్నదమ్ములు నడిచిన దారులు మాత్రం వేరు.

మూల్యం: 661లో ఖలీఫాగా ఉన్న హసన్, ప్రత్యర్థి ముఆవియాకు పాలన వదిలేసి మదీనా వెళ్లిపోయారు, పోయింది పదవి. 680లో హుసేన్, ముఆవియా తర్వాత గద్దెనెక్కిన ఆయన కొడుకు యజీద్‌కు విధేయత చెప్పనన్నారు. ఇరాక్‌లోని కర్బలాలో యజీద్ సైన్యం చేతిలో పోయినవి ప్రాణాలు.

రిస్క్: హసన్‌కు సొంతవాళ్ల నిందలు. హుసేన్ శిబిరానికైతే యూఫ్రటీస్ నీళ్లే ఆపేశారు. ఆఖరి రాత్రి ఆయన, చీకట్లో వెళ్లిపోవచ్చని అనుచరులకు చెప్పారు. ఎవరినీ కట్టిపడేయని ఆ మాట నాకు యుద్ధం కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

కష్టం: నా లెక్కలో హసన్‌దీ తక్కువేం కాదు. బతికుండి మాటలు పడాలి.

సొంత సైన్యమే చీలిపోయి, పోరాడితే మిగిలేది రక్తపాతమే అయినప్పుడు హసన్ దారి. తలూపితే అన్యాయానికి ముద్ర వేసినట్టయ్యే చోట హుసేన్ దారి.