ఎస్‌పీ రోడ్డులో కొన్న 60 రూపాయల లెవెల్ షిఫ్టర్, నాలుగు నెలలు వాడాక

బీఎస్ఎస్138 మోస్‌ఫెట్లతో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) వచ్చే నాలుగు చానెళ్ల లెవెల్ షిఫ్టర్ బోర్డు గురించి, దాన్ని అమ్మిన కొట్టు గురించి ఇది. 3.3 వోల్టుల పిన్నులను 5 వోల్టుల వాటితో కలపడానికి మధ్యలో పెట్టేదే లెవెల్ షిఫ్టర్. బోర్డు మంచిదే. కానీ చెడిపోయిందనుకుని ఒకసారి వెనక్కి తీసుకెళ్లాను, తప్పు దానిది కాదని అక్కడ తెలిసింది. ఆ సంగతి ముందే తెలిసుంటే నాకు రెండు ఆదివారాలు మిగిలేవి, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను బెంగళూరులో ఒక డిప్లొమా కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కేఆర్ పురం దగ్గర మాది పద్దెనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎండాకాలం వస్తే ట్యాంకర్ నీళ్లే దిక్కు. 2024 వేసవిలో ఫోన్ చేసిన రోజున ట్యాంకర్ దొరికేది కాదు, కాబట్టి సంపులో ఎంత ఉందో ఒకరోజు ముందే తెలియాలి. సెక్యూరిటీ తాత రాత్రిపూట ఇనుప మూత ఎత్తి, టార్చ్ వేసి, వంగి చూసేవాడు. ఆయన కాలు జారితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. సంపు దగ్గర ఒక సెన్సర్, ఆయన క్యాబిన్‌లో ఒక చిన్న డిస్‌ప్లే పెడితే ఆ అవసరమే ఉండదని ఈ పని మొదలుపెట్టాను.

సంపు పక్కన డబ్బాలో ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంటుంది, దాని పిన్నులు 3.3 వోల్టులవి. క్యాబిన్‌లో 16×2 ఎల్‌సీడీ, దాని వెనక పీసీఎఫ్8574 చిప్ ఉన్న ఐ2సీ (చిప్పులు రెండు లైన్ల మీద మాట్లాడుకునే పద్ధతి) బోర్డు, రెండూ 5 వోల్టులవి. మధ్యలో మూడు మీటర్ల కేబుల్. నేరుగా కలిపేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 5 వోల్టుల మీద నడిచే పీసీఎఫ్8574 ఒక లైను "హై"లో ఉందని ఒప్పుకోవాలంటే సరఫరాలో 70 శాతం, అంటే 3.5 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ గ్యారంటీ లేదు. పైగా డిస్‌ప్లే వైపు పుల్-అప్‌లు, అంటే లైనును పైకి పట్టుకునే రెసిస్టర్లు, దాన్ని 5 వోల్టులకు లాగితే ఆ 5 వోల్టులు ఈఎస్‌పీ32 పిన్ను మీదకు వస్తాయి, దానికి అవి పడవు.

కొట్టు చిక్‌పేట మెట్రో నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే, ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డు సందులో మొదటి అంతస్తులో ఉంది. మనిషి పట్టనంత ఇరుకు, గోడ నిండా ప్లాస్టిక్ డబ్బాలు. యజమానిది హిందూపురం వైపు. నేను కన్నడంలో మొదలుపెట్టాను, నా యాస వినగానే ఆయన తెలుగులోకి వచ్చేశాడు. ఎనిమిది చానెళ్ల బోర్డు చూపించి అది ఇవ్వమన్నాను. "దేనికమ్మా?" అన్నాడు. ఐ2సీకి అన్నా, అన్నాను. "అయితే అది వద్దు" అని డబ్బా మూసేశాడు.

ఎందుకో ఇంటికొచ్చి డేటాషీటు చదివితే అర్థమైంది. ఆ బోర్డు మీది చిప్ టీఎక్స్‌బీ0108. అది రెండు వైపులా తానే, సుమారు 4 కిలో ఓమ్స్ గుండా, లైనును పట్టుకుని ఉంటుంది. బయట పుల్-అప్ పెడితే అది 50 కిలో ఓమ్స్ కంటే ఎక్కువే ఉండాలి. ఐ2సీలో 4.7, 10 కిలో ఓమ్స్ మామూలు. ఆ రెండూ పోట్లాడుకుంటే లైను పూర్తిగా కిందికీ రాదు, పైకీ పోదు. 150 రూపాయల సరుకు పక్కన పెట్టి 60 రూపాయలది చేతిలో పెట్టాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఈ కొట్టుకు నా మొదటి మార్కు.

ఇచ్చిన బోర్డు పనిచేసే తీరు చాలా సులువు. ఒక్కో చానెల్‌కు ఒక మోస్‌ఫెట్, రెండు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్లు. మోస్‌ఫెట్ మూడు కాళ్లలో గేటు 3.3 వోల్టులకు కట్టి ఉంటుంది, సోర్సు 3.3 వైపు, డ్రెయిన్ 5 వైపు. ఎవరూ లాగనప్పుడు మోస్‌ఫెట్ ఆఫ్‌లో ఉంటుంది, ఏ వైపు లైనును ఆ వైపు రెసిస్టరు పైకి పట్టుకుంటుంది. 3.3 వైపు కిందికి లాగితే గేటుకు, సోర్సుకు మధ్య తేడా పెరిగి మోస్‌ఫెట్ తెరుచుకుంటుంది, 5 వైపు కూడా కిందికి వస్తుంది. 5 వైపు నుంచి లాగితే ముందు లోపలి డయోడ్ గుండా 3.3 వైపు కొంత దిగుతుంది, ఆ తర్వాత మోస్‌ఫెట్ ఆన్ అవుతుంది. ఐ2సీని తయారుచేసిన ఫిలిప్స్ సంస్థే 1997లో ఈ పద్ధతిని అప్లికేషన్ నోట్‌గా ఇచ్చింది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: లైనును కిందికి లాగడానికి మోస్‌ఫెట్ ఉంది, 5 వోల్టుల దాకా పైకి లేపడానికి రెసిస్టరు తప్ప ఎవరూ లేరు.

నా దగ్గర రెండు డిస్‌ప్లేలు ఉన్నాయి. పాతదాన్ని పెట్టి మూడు మీటర్ల కేబుల్‌తో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. తెల్లారి దాన్ని కాలేజీలో తిరిగి ఇచ్చేయాలి, అందుకని ఆన్‌లైన్‌లో కొత్తగా కొన్నది బిగించాను. తెర మీద పిచ్చి అక్షరాలు వచ్చాయి. ప్రోగ్రాముతో డిస్‌ప్లే ఐ2సీ అడ్రసు 0ఎక్స్27 కోసం వెతికితే ఒకసారి దొరికేది, ఒకసారి దొరికేది కాదు. కేబుల్ తీసేసి జానెడు వైర్లతో కలిపితే అదే డిస్‌ప్లే బాగుండేది.

మల్టీమీటరు పెట్టి చూశాను. బోర్డు మీద ఎల్‌వీ (తక్కువ వోల్టుల పిన్ను) దగ్గర 3.3, హెచ్‌వీ (ఎక్కువ వోల్టుల పిన్ను) దగ్గర 5. ఖాళీగా ఉన్నప్పుడు ఐ2సీ లైన్లు రెండూ, ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (క్లాక్), ఒక వైపు 3.3, రెండో వైపు 5. గ్రౌండ్లు కలిసే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి బోర్డులో మోస్‌ఫెట్ పోయిందనే నిర్ణయానికి వచ్చాను. అదే నా పొరపాటు. మీటరు చూపించేది నిలబడి ఉన్న లైనును. లైను ఎంతసేపట్లో లేస్తోందో అది చెప్పలేదు.

శనివారం మళ్లీ కొట్టుకు వెళ్లి, మార్చి ఇవ్వమన్నాను. ఆయన కాదనలేదు, కొత్త బోర్డు బయటికి తీసిపెట్టాడు కూడా. కానీ ముందు అడిగాడు: "వైరు ఎంత పొడుగమ్మా?" చెప్పాను. కొత్త డిస్‌ప్లే తిప్పి, వెనక భూతద్దం పెట్టి నాకు చూపించాడు. పాతదాని వెనక 472 అని రాసి ఉన్న రెండు చిన్న రెసిస్టర్లు ఉండటం నాకు గుర్తుంది, అంటే 4.7 కిలో ఓమ్స్. కొత్తదాని మీద ఆ చోటు ఖాళీ, ప్యాడ్లు మాత్రమే ఉన్నాయి. "నీ వైరు పెద్ద బిందె, కుళాయేమో సన్నం. నిండేలోపే దించేస్తున్నావు" అన్నాడు. రెండు 472లు కాగితంలో చుట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

సోమవారం కాలేజీలో ఆసిలోస్కోపు (వోల్టేజీ మారే తీరును గీతగా చూపే పరికరం) మీద పెట్టాను. కొత్త డిస్‌ప్లేతో 5 వోల్టుల వైపు లైను 30 నుంచి 70 శాతానికి లేవడానికి దాదాపు రెండున్నర మైక్రోసెకన్లు పడుతోంది. గీత నిటారుగా లేవకుండా మేకపిల్ల వీపులా వంగి ఉంది. 100 కిలోహెర్ట్జ్ ఐ2సీలో దీనికి ఉన్న గడువు 1 మైక్రోసెకన్. లెక్క వేస్తే కేబుల్, చిప్పులు కలిసి దగ్గర దగ్గర 300 పికోఫారడ్ల కెపాసిటెన్స్, ఆయన చెప్పిన బిందె అదే. ఖాళీ ప్యాడ్లలో 4.7 కిలో ఓమ్స్ అంటించాక, బోర్డు మీది 10తో కలిసి 3.2 కిలో ఓమ్స్ అయింది. లేచే సమయం 0.8 మైక్రోసెకన్లకు దిగింది. అక్షరాలు కుదురుకున్నాయి.

ఆసిలోస్కోపు లేనివాళ్లు ప్రోగ్రాములో క్లాక్‌ను 100 నుంచి 20 కిలోహెర్ట్జ్‌కు తగ్గించి చూడండి. అప్పుడు బాగుపడితే చాలావరకు తప్పు పుల్-అప్‌లదే, బోర్డుది కాదు. సర్క్యూట్‌కు కరెంటు తీసేసి ఎస్‌డీఏకు, హెచ్‌వీకి మధ్య ఓమ్స్ కొలిస్తే నిజంగా ఎంత రెసిస్టెన్స్ పడుతోందో కూడా తెలుస్తుంది. అలాగని ఏకంగా 1 కిలో ఓమ్ పెట్టేయకండి. లైనును కిందికి పట్టుకునే చిప్ రెండు వైపుల కరెంటునూ మింగాలి. ఈ వేగంలో ఐ2సీ లెక్క ప్రకారం భరోసాగా మింగగలిగేది 3 మిల్లీఆంపియర్లే. నా సర్క్యూట్‌లో 5 వైపు నుంచి 1.6, 3.3 వైపు నుంచి 0.3, మొత్తం 1.9. 1 కిలో ఓమ్ పెడితే 5 వైపే 5 దాటుతుంది.

బోర్డు మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. ఎల్‌వీ, హెచ్‌వీ అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, పైగా నాకు వచ్చిన దానిలో అవి అడుగువైపే ఉన్నాయి. బ్రెడ్‌బోర్డులో గుచ్చాక కనపడవు. తిరగేసి పెడితే లోపలి డయోడ్ గుండా 5 వోల్టుల వైపు నుంచి 3.3 వైపుకు కరెంటు పారుతుంది, కాబట్టి గుచ్చే ముందే మార్కరుతో ఎర్ర చుక్క పెట్టుకోవాలి. హెడర్ పిన్నులు విడిగా ఇస్తారు, సోల్డరింగ్ మనమే చేసుకోవాలి. 400 కిలోహెర్ట్జ్‌కు గడువు 300 నానోసెకన్లే, నాలాంటి పొడుగు కేబుల్‌తో ఆ వేగానికి ఈ బోర్డును నేను వాడను.

డిస్‌ప్లే అమ్మిన ఆన్‌లైన్ షాపువాళ్లు మాత్రం ఫొటోలో రెసిస్టర్లు ఉన్న బోర్డు చూపించి, లేనిది పంపారు. రాస్తే జవాబు లేదు.

కొట్టు ఆదివారం తెరవరు, శనివారం మధ్యాహ్నం లోపల వెళ్తే ఆయనకు మాట్లాడే తీరిక ఉంటుంది. బిల్లు అడిగితేనే రాస్తారు, ఆన్‌లైన్ చెల్లింపు తీసుకుంటారు. నాలుగు నెలలుగా క్యాబిన్‌లో డిస్‌ప్లే ఒక్కసారి కూడా తప్పు చూపలేదు. పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లు కూడా కావాలన్నారు. పోయిన శనివారం ఇంకో రెండు బోర్డులు, ఒక స్ట్రిప్ 472లు తెచ్చాను. ఈసారి వాటికి డబ్బు తీసుకోమని నేనే పట్టుబట్టాను.