డెట్రాయిట్ రికార్డులతో కర్నూలు నుంచి కడప దాకా

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పుట్టిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే స్వతంత్ర నృత్యసంగీత సంస్థ చరిత్రను, దాని రికార్డులు వినిపిస్తూ చెప్పే సభ ఒకటి రాయలసీమలో పెట్టాలన్నది మా ముగ్గురి చిరకాల ఆలోచన. అందుకు అనువైన హాలు, వచ్చే వాళ్లకు బస, స్పీకర్లు అద్దెకిచ్చే వాళ్లు ఎక్కడ దొరుకుతారో చూసుకోవడానికి ఫిబ్రవరిలో కర్నూలు నుంచి బయలుదేరి అనంతపురం, బెలుం, గండికోట మీదుగా కడప చేరాము. ఫిబ్రవరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. పన్నెండు అంగుళాల వినైల్ రికార్డు వేడికి వంగిపోతుంది. ఏప్రిల్ ఎండలో కర్నూలులో నిలిపిన కారు డిక్కీలో దాన్ని వదిలితే తిరిగి ప్లేయరు ముల్లు కింద పెట్టడానికి పనికిరాదు. పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేర్చినా చెడుతుంది కనుక, నిలువుగా సర్దిన చెక్కపెట్టెను ప్రయాణం పొడవునా వెనుక సీట్లో మనిషి పక్కనే ఉంచాము.

కర్నూలులో బస్టాండు దగ్గరి లాడ్జీలకూ, ఊరి బయట హైవే మీది హోటళ్లకూ అద్దెలో ఉన్న తేడా కన్నా పద్ధతిలో ఉన్న తేడా మాకు ముఖ్యమనిపించింది. లాడ్జీలో ఏ వేళ దిగితే మర్నాడు ఆ వేళ దాకా ఇరవై నాలుగు గంటల లెక్క. సామాను ఎక్కువగా ఉన్న వాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. హైవే హోటల్లో గదులు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు ఉంది, కానీ మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలి. అక్కడి మినీ హాలు చూడ్డానికి బాగుంది గానీ, జనరేటరు డీజిల్ ఖర్చు వేరుగా కట్టాలన్న సంగతి బిల్లు వేసేటప్పుడు గాని చెప్పలేదు. పైగా హాలు గోడ అవతల వరుసగా గదులున్నాయి. మేము వినిపించే ఈ డెట్రాయిట్ నృత్యసంగీతాన్ని టెక్నో అంటారు. అందులో పాటకు ప్రాణం కింది స్థాయి దరువు. ఆ దరువు గోడలు దాటి పోతుంది. మేనేజరు మర్యాదగానే, "సార్, పక్క రూముల్లో పిల్లలుంటారు, రాత్రి తొమ్మిది దాటితే కష్టం" అన్నారు. పొద్దున తిన్న ఉగ్గాణి, బజ్జీల మీద మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

అనంతపురంలోనే ఎక్కువ కాలం గడిపాము. టవర్ క్లాక్‌కు కొంత దూరంలో, ఒక చిన్న కల్యాణ మండపం పైఅంతస్తులో ఉన్న భోజనాల హాలు మాకు దొరికింది. పక్కన ఇళ్లు లేవు, పైకప్పు మరీ ఎత్తు కాదు, వోల్టేజి నిలకడగా ఉంది. స్పీకర్లు అద్దెకిచ్చిన పెద్దాయన ఒకప్పుడు పల్లెల్లో పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టి రికార్డులు వేసిన మనిషి. ఆంప్లిఫయరును ఆటోలో తానే తెచ్చి, తీగలు తానే కలిపి, మా ప్లేయరు ముల్లును వెలుతురుకు పెట్టి చూసి, దుమ్ము ఊది, అప్పుడు గాని రికార్డు వేయనివ్వలేదు. కాసేపు విని, "ఏమప్పా, ఇంతసేపయినా పల్లవి రాలేదే?" అని అడిగారు. ముందున్న ఆ ఉత్త దరువు మరో రికార్డు చివరకు అతికించడానికి వదిలినదని, వాయించే అతను రెండింటి వేగాన్నీ కలిపి ఆట ఆగకుండా నడుపుతాడని చెప్పగానే, "అట్లయితే రెండు మిషన్లు ఉండాల గదప్పా!" అన్నారు. నృత్యసంగీతపు రికార్డు ఎందుకు అలా తయారవుతుందో ఇంతకంటే త్వరగా గ్రహించిన శ్రోతను నేను చూడలేదు.

అక్కడే కొందరు డిగ్రీ విద్యార్థులను పిలిచి చరిత్రలో సగం చెప్పి చూశాము. కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న డెట్రాయిట్‌లో, బెల్‌విల్ హైస్కూలులో చదివిన హువాన్ ఆట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ అనే సొంత సంస్థ పెట్టారు. మరుసటి ఏడు ఆయన మిత్రుడు డెరిక్ మే ట్రాన్స్‌మాట్ ప్రారంభించారు. మరో మిత్రుడు కెవిన్ సాండర్సన్ కెఎంఎస్ అనే సంస్థ పెట్టారు. 1988లో లండన్‌లో వెలువడిన ఒక సంకలనంతో ఈ సంగీతానికి టెక్నో అన్న పేరు యూరప్ అంతా పాకింది. ఆ తర్వాతి తరంలో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ మొదలుపెట్టగా, రాబర్ట్ హుడ్ తోడయ్యారు. ముఖాలకు ముసుగులు వేసుకుని, మనిషిని కాక సంగీతాన్నే ముందుంచాలన్నది వాళ్ల పట్టుదల. పెద్ద కంపెనీలకు లొంగకూడదన్నది అంతకన్నా గట్టి పట్టుదల.

డెట్రాయిట్‌లోనే, గ్రాండ్ బూలెవార్డ్ అనే వీధి పడమటి వైపున, 1959లో బెర్రీ గోర్డీ ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన మోటౌన్ అనే రికార్డుల కంపెనీ కథ ఎదురుగా ఉండగా ఈ పట్టుదల అర్థం కావడం కష్టం కాదు. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది, 1988లో 6.1 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. బ్యాంక్స్ బృందం ఊరు వదల్లేదు. రికార్డులు అమ్మి పంపే పనిని కూడా సబ్‌మర్జ్ పేరుతో తమ చేతుల్లోనే ఉంచుకుంది. తూర్పు గ్రాండ్ బూలెవార్డ్‌లోని దాని భవనంలో ఇప్పుడు టెక్నో ప్రదర్శనశాల ఉంది, ముందుగా చెప్పి వెళ్లాలి. రికార్డు అచ్చయ్యేదీ ఎక్కువగా ఆ ఊరిలోనే: 1965 నుంచి ఒక కుటుంబం నడుపుతున్న ఆర్చర్ ప్రెస్సింగ్ ప్లాంటులో. రికార్డు మీద గాడులు చెక్కే పనిలో రాన్ మర్ఫీ అనే నిపుణుడికి ఆ రోజుల్లో సాటి లేకపోయారు. ఒక విద్యార్థిని రికార్డును వాలుగా పట్టుకుని, మొబైల్ టార్చి వెలుతురులో లేబులు కాగితానికీ చివరి గాడికీ మధ్యనున్న నున్నని అంచును చూస్తూ, అక్కడ చేత్తో గీసిన సన్నని అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ఆ అక్షరాలు ముల్లుకు వినపడవు. కొన్న మనిషి కంటి కోసమే గీసినవి. ఉపన్యాసంలో అరగంట చెప్పినా రాని ఆసక్తి ఆ అరనిమిషంలో వచ్చింది.

అనంతపురంలో బస గురించి చెప్పాలంటే, రైల్వే స్టేషన్ వైపు లాడ్జీలు చవక, దోమలు ఎక్కువ. కాస్త ఎక్కువిచ్చి సప్తగిరి సర్కిల్ పరిసరాల్లో దిగడం మంచిది.

తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు వెళ్లాము. లోపలి సప్తస్వరాల గుహలో రాతి ఊడలను తడితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలుకుతుందని చూపిస్తారు. ఉక్క, తేమ వల్ల యంత్రాలకు అది చోటు కాదు, మాకూ ఆ ఉద్దేశం లేదు. కానీ నేల కింద నడుస్తూ బెర్లిన్ ప్రస్తావన తేవడం సులువైంది. గోడ కూలాక అక్కడి పాత వెర్ట్‌హైమ్ దుకాణం కింది ఇనుప ఖజానా గదిలో 1991లో ట్రెజర్ అనే నృత్యశాల తెరిచారు. అది తన పేరిట విడుదల చేసిన మొదటి రికార్డు ఎక్స్-101, అంటే మిల్స్, బ్యాంక్స్, హుడ్‌ల పనే. మరుసటి ఏడాదే మిల్స్, హుడ్ విడిపోయి సొంత దారులు వెతుక్కున్నారు. మిల్స్ పెట్టిన యాక్సిస్ నేటికీ నడుస్తోంది.

గండికోటలో పెన్నా లోయ అందం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. శని, ఆదివారాల్లో బెంగళూరు, హైదరాబాదు నుంచి జనం పోటెత్తుతారు కాబట్టి గది ముందుగా దొరకబుచ్చుకోవాలి. గుడారాలు చలికాలం వరకే బాగుంటాయి. ఆరుబయట గోడలు లేని చోట దరువు గాలికి పోతుంది, అందుకే పెట్టె విప్పలేదు. రాగి సంగటి తిని, వసారాలో కూర్చుని, సభలో చెప్పవలసిన సోనీ గొడవను మాత్రం వరుస పెట్టుకున్నాము. 1999లో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచి డీజే రోలాండో చేసిన 'నైట్స్ ఆఫ్ ది జాగ్వార్' వచ్చి యూరప్ నృత్యశాలలను ఊపేసింది. దాన్ని తీసుకోవడానికి అనుమతి దొరకకపోవడంతో, సోనీ జర్మన్ విభాగం అచ్చం అలాంటిదే మరొకటి చేయించింది. అభిమానులు ఇంటర్నెట్‌లో పట్టుబట్టి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా సోనీ వెనక్కి తగ్గింది. ఈ ఘట్టాన్ని విజయగాథగా చెప్పాలని ఒక మిత్రుడి వాదన. స్వరాలను అక్షరం పొల్లుపోకుండా మళ్లీ వాయించడం ఎక్కడిదాకా న్యాయం అన్న ప్రశ్నగా వదలాలని నా వాదన. అది తేలలేదు.

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మంచి హోటళ్లున్నాయి, ఏసీ హాళ్లున్నాయి, పనివాళ్లు పిలిస్తే పలుకుతారు. ముహూర్తాల రోజుల్లో మాత్రం ఏదీ ఖాళీ ఉండదు. ముంబయి–చెన్నై దారిలో వచ్చే వాళ్లకు రైలు కూడా అనుకూలమే. అయినా దరువు వినిపించే హాలు అనంతపురానిదే. కడప నుంచే ఫోను చేసి దానికి అడ్వాన్సు పంపాము. మైకు సెట్టు పెద్దాయన రెండో ప్లేయరు తానే చూసిపెడతానన్నారు. దాని అద్దె ఎంతో ఇంకా తేల్చలేదు.