మూతా తలుపూ ఉన్న లిట్టర్ బాక్స్: ఏడాది పైన వాడాక

లిట్టర్ బాక్స్ అంటే ఇంట్లో పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళే పెట్టె, అందులో పోసే ఇసుకలాంటిదే లిట్టర్. ఈ బాక్స్ మీద నాకున్న కోపమంతా దాని తలుపు మీదా, మూత మీదా. అడుగు ట్రే బాగానే ఉంది, ప్లాస్టిక్ గట్టిది, ఇన్నాళ్ళలో పగుళ్ళు రాలేదు. కార్బన్ ఫిల్టర్, లిట్టర్ ఎత్తే గరిటె (స్కూప్) తగిలించుకునే కొక్కెం, మోసే పిడి ఇవన్నీ ఫొటోల్లో కనిపించేవే కాబట్టి వాటి జోలికి పోను. కొన్న కొత్తలో నేను దీనికి మంచి రివ్యూనే రాశాను, హాల్లోకి వాసన రావట్లేదనీ, ఇసుక బయటికి చిమ్మట్లేదనీ, ఇంటికొచ్చిన చుట్టాలకి ఇంట్లో పిల్లి ఉన్న సంగతే తెలియట్లేదనీ. ఆ మూడు మాటలూ ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ మూడూ మనుషుల సౌకర్యాలు, మా పండు సంగతి అందులో ఎక్కడా లేదు.

మేముండేది విశాఖలో, అపార్ట్‌మెంట్‌లో, నేనూ మా ఆయనా మా అమ్మా. పండు మగ పిల్లి, ఎర్ర చారలవాడు, చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. చాలా నెలలు ఆ బాక్స్‌లోకే వెళ్ళాడు, తలుపు తోసుకుని వెళ్ళడం కూడా నేర్చుకున్నాడు. వానాకాలంలో ఉన్నట్టుండి మొదలైంది. ముందు బాత్రూమ్ జాలీ మీద కూర్చున్నాడు, నీళ్ళు పోస్తే పోయింది. తర్వాత గుమ్మం దగ్గర పట్టా, ఆ తర్వాత దివాన్ మీద ఆరేసి తెచ్చిన బట్టలు, చివరికి అమ్మ కప్పుకునే దుప్పటి. పొద్దున్నే అమ్మ గొంతు వినిపించేది, "ఇదేటే, వీడు మళ్ళీ నా దుప్పటి మీదే పోసేశాడు" అని. అమ్మకి వాడంటే ప్రాణం, అందుకే ఆ మాటలో కోపం కంటే బెంగ ఎక్కువుండేది.

తెలిసిన వాళ్ళంతా ఒకటే మాట, మగ పిల్లి కదా, ఇది నా చోటు అని గుర్తులు పెడుతున్నాడు అని. గుర్తు పెట్టే పిల్లి నిలబడి, తోక పైకెత్తి, గోడకో తలుపుకో వెనకవైపు పెట్టి చిమ్ముతుంది. మా వాడు అలా చేయలేదు. మెత్తటి బట్ట చూసుకుని కిందికి కూర్చునేవాడు, చాలాసేపు కూర్చునేవాడు, లేచి చూస్తే రూపాయి బిళ్ళంత తడి. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ ఇంకోచోట. తెల్ల బెడ్‌షీట్ మీద ఆ తడికి అంచు చుట్టూ లేత గులాబీ రంగు కనిపించిన రోజు నాకు చేతులు ఆడలేదు, వాడిని బుట్టలో పెట్టుకుని అప్పటికప్పుడు వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన పొట్ట నొక్కి చూసి మూత్రాశయం చిన్నగా, మెత్తగానే ఉంది, అడ్డం పడలేదు, కంగారు పడకండి అన్నారు. మగ పిల్లుల్లో మూత్రనాళం సన్నం కాబట్టి అది మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది, అలా మూసుకుపోతే పొట్ట గట్టిపడుతుంది, వాంతులవుతాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండెకి ముప్పు, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఇది చదివే వాళ్ళలో మగ పిల్లి ఉన్నవాళ్ళు మిగతా రివ్యూ వదిలేసినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: పదే పదే కూర్చుంటూ చుక్క కూడా రావట్లేదంటే అది అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్ళాల్సిన పరిస్థితి, లిట్టర్ మార్చి చూద్దాం అనుకునే టైమ్ కాదు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న దగ్గర నాకు ఈ బాక్స్ మీద కోపం మొదలైంది. "లిట్టర్‌లో ముద్దలు ఎంతెంత వస్తున్నాయమ్మా? రోజుకి ఎన్ని?" అన్నారు. బెంటోనైట్ అనే బంకమట్టి లిట్టర్ వాడేవాళ్ళకి తెలుసు, తడి తగిలిన చోట మట్టి పీల్చుకుని ముద్ద కడుతుంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి రోజుకి రెండు నుంచి నాలుగు దాకా, ఒక్కోటి చిన్న లడ్డూ అంత. ముద్దలు చిన్నవై, సంఖ్య పెరిగితే మూత్రాశయంలో ఏదో తేడా ఉన్నట్టు. అంటే ఆ ట్రే మనకి రోజూ రిపోర్ట్ ఇస్తూనే ఉంటుంది. ఈ బాక్స్‌లో ఆ రిపోర్ట్ కనిపించే దారి లేదు. తలుపులోంచి స్కూప్ పెడితే ముందు సగం వరకే అందుతుంది, వెనక సగం చీకటి. పూర్తిగా చూడాలంటే రెండు పక్కలా క్లిప్పులు విప్పి మూతంతా ఎత్తాలి, ఎత్తేటప్పుడు ట్రే కదిలి చిన్న ముద్దలన్నీ పొడిగా విరిగి ఇసుకలో కలిసిపోతాయి. బొటనవేలంత ముద్దలు ఎన్ని వచ్చాయో, ఎప్పట్నుంచి వస్తున్నాయో ఎలా తెలుస్తుంది? వాసన బయటికి రాకుండా ఆపే ఏర్పాటే జబ్బు కబురుని కూడా లోపలే ఆపేసింది.

స్కాన్‌లో రాళ్ళు లేవు, మూత్రం పరీక్షలో రక్తకణాలు ఉన్నాయి, ఇన్‌ఫెక్షన్ లేదు. వయసులో ఉన్న పిల్లుల్లో బ్యాక్టీరియా వల్ల రావడం తక్కువేనట, కారణం ఫలానా అని చెప్పలేని సిస్టైటిస్, అంటే మూత్రాశయం వాపు, ఎక్కువట, దానికి టెన్షన్ పెద్ద కారణం అని డాక్టర్ వివరంగా చెప్పారు. నొప్పికి మందు ఇచ్చారు, తడి ఆహారం పెంచమన్నారు, ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టమన్నారు. నొప్పి తగ్గింది, రక్తం ఆగింది. కానీ బాక్స్‌లోకి వెళ్ళడం మాత్రం మానేశాడు.

అప్పుడు కూర్చుని చూశాను వాడేం చేస్తున్నాడో. తలుపు దగ్గరికి వెళ్తాడు. ముందు కాలితో తోస్తాడు. ఆ పారదర్శక ప్లాస్టిక్ రెక్క లోపలికి వెళ్ళి తిరిగి వచ్చి మీసాలకి తగులుతుంది, వెనక్కి తగ్గుతాడు. ఒక్కోసారి తలా ముందు కాళ్ళూ లోపల పెట్టి, మిగతా ఒళ్ళు బయటే ఉంచి, అలాగే నిలబడిపోతాడు. ధైర్యం చేసి లోపలికి వెళ్ళినా తిరగడానికి చోటు చాలక తోక బయటే ఉండిపోతుంది, దాని మీద రెక్క పడుతుంది, ఆ టక్‌మన్న చప్పుడికి చెవులు వాల్చి పని సగంలో వదిలేసి ఒక్క దూకులో బయటికి. మూత ఎత్తి ముక్కు పెట్టి చూస్తే లావెండర్ సెంటూ అమ్మోనియా ఘాటూ కలిసి నాకే కళ్ళు మండాయి. నాకే అలా ఉంటే, మనకంటే ఎన్నో రెట్లు వాసన పట్టే ముక్కు ఉన్న జీవికి ఎలా ఉండాలి! నొప్పి వచ్చిన రోజుల్లో వాడు కూర్చున్నది అందులోనే, ఆ నొప్పి ఆ పెట్టెదే అని వాడి మనసులో పడిపోయింది, మందులు వాడినంత మాత్రాన ఆ భయం పోదని డాక్టర్ చెప్పారు.

కొలత సంగతి కూడా అప్పుడే తేలింది. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవో దానికి ఒకటిన్నర రెట్లు ట్రే ఉండాలంటారు. పండు 18 అంగుళాలు, అంటే 27 అంగుళాలు కావాలి. ఈ బాక్స్‌ని పెద్ద పిల్లులకి అని అమ్ముతారు కానీ దాని మీద రాసిన కొలత మూత బయటి అంచులది, లోపల అడుగు కొలిస్తే 18 కూడా పూర్తిగా లేదు.

ముందు తలుపు పీకేశాను. కొంచెం మార్పు, ఒక రోజు వెళ్ళేవాడు, ఒక రోజు దుప్పటి. తర్వాత మూత తీసేశాను, ఇంకొంచెం నయం. అసలు మార్పు వచ్చింది పూర్ణా మార్కెట్‌లో కొన్న, దుప్పట్లు సర్దుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టెతో. దాని ధర ఈ బాక్స్ ధరలో పావు వంతు కూడా లేదు. ఒక పక్క గోడని కింద అయిదు అంగుళాలు ఉంచి పైభాగం కోయించి, కోసిన అంచు కాళ్ళకి గీరుకోకుండా గరుకు కాగితంతో మా ఆయన నున్నగా రుద్దారు. అందులో సెంటు లేని, సన్న పలుకు బెంటోనైట్ రెండు మూడు అంగుళాల మందాన పోశాం. పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు కదా, సన్నటి ఇసుక తవ్వి కప్పెట్టడం వాటి నెత్తుట్లోనే ఉంది. మధ్యలో సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ కూడా ప్రయత్నించాం, తేలిగ్గా ఉంది, టాయిలెట్‌లో పోసేయొచ్చు అన్నారు, కానీ మా విశాఖ తేమకి వానాకాలంలో ట్రేలోనే బూజు పట్టి పుల్లటి వాసన వేసింది. ఊరు పొడిగా ఉండేవాళ్ళకి బాగుంటుందేమో.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పని. పాత బాక్స్ యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన ఉండేది, స్పిన్ తిరిగితే గోడ అదురుతుంది. కొత్తదాన్ని ఏకంగా హాల్లో, వాడు ఎక్కువగా పోస్తున్న దివాన్ పక్కనే పెట్టాం. ఎవరైనా వస్తే హాలు మధ్యలో ఇసుక పెట్టె! అమ్మకి మొహమాటంగానే ఉండేది, అయినా ఒక్కమాట అనలేదు, "వాడు కుదుటపడనీ, తర్వాత జరుపుకుందాం" అంది. పెట్టిన రోజు రాత్రి గరగరా ఇసుక తవ్వుతున్న చప్పుడు వినిపిస్తే మేం ముగ్గురం ఎవరి గదుల్లో వాళ్ళం ఊపిరి బిగబట్టుకుని విన్నాం, లైట్ కూడా వేయలేదు. పొద్దున చూస్తే ఒకటే ముద్ద, పెద్దది, గట్టిది. ఆ ఆనందం రాయడానికి నాకు మాటలు రావు. వారం పైన అలాగే వదిలేసి, ఆ తర్వాత రోజుకి బెత్తెడు చొప్పున బాల్కనీ వైపు జరుపుతూ వచ్చాం. ఒకరోజు తొందరపడి ఎక్కువ జరిపితే వాడు పాత చోటుకే వెళ్ళి నిలబడి చూశాడు, మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టాం.

శుభ్రం చేసే సంగతి కూడా ఇందులో భాగమే. మన ఇళ్ళలో ఉచ్చ వాసన అంటే చెయ్యి ఫినాయిల్ సీసా మీదికే వెళ్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో అది వద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు, ఫీనాల్ లాంటి పదార్థాలని విరగ్గొట్టుకునే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఒంట్లోకి పోతుంది. ఎంజైమ్ క్లీనర్ తెప్పించి, దివాన్ పరుపు బాగా తడిసేలా పోసి, దాని మానాన అది ఆరేదాకా వదిలేశాం. సబ్బుతో ఉతికినప్పుడు ఎండాకాలం బాగుండి, గాలిలో తేమ పెరగ్గానే వాసన మళ్ళీ లేచేది, యూరిక్ యాసిడ్ బట్టలోనే ఉండిపోవడం వల్ల. ఎంజైమ్ దాన్నే విరగ్గొడుతుంది. ఆ వాసన ఉన్నన్నాళ్ళూ పిల్లికి అది అనుమతి ఉన్న చోటే.

ఇక కొనొచ్చా అంటే, అందరినీ వద్దనలేను. 2013లో 27 పిల్లులకి మూత ఉన్నదీ లేనిదీ రెండూ పక్కపక్కనే పెట్టి గమనించిన పరిశోధన ఒకటుంది, ఎక్కువ పిల్లులకి ఏదైనా ఒకటేనట, మిగతావాటిలో సగం మూతవైపు, సగం తెరిచినదానివైపు. అంటే మీ పిల్లి మూత ఇష్టపడే రకమే కావచ్చు. మా పై ఫ్లాట్‌లో ఆడ పిల్లి ఇదే బాక్స్‌లోకి, తలుపుతో సహా, హాయిగా వెళ్తుంది, అది చిన్నది, దానికి చోటు సరిపోతుంది. పాకే పిల్లలో, ట్రేలో మూతి పెట్టే కుక్కో ఉన్న ఇంట్లో మూత అవసరమే. అలాంటి వాళ్ళు రెక్క మాత్రం మొదటిరోజే పీకేయండి, రోజుకొకసారి మూత పూర్తిగా ఎత్తి ముద్దలు చూడండి. మగ పిల్లి అయితే, ముఖ్యంగా ఒకసారి మూత్రం ఇబ్బంది వచ్చిన పిల్లి అయితే, నేను మాత్రం వద్దనే చెప్తాను.

మూత అటక మీదికి వెళ్ళింది, అడుగు ట్రే పడగ్గదిలో పండుకి రెండో పెట్టెగా పనికొస్తోంది, ఒక పిల్లికి రెండు ఉండాలంటారు కదా, ఆ లెక్క అలా సరిపోయింది. తెరిచిన పెట్టెతో ఇబ్బందులు లేకపోలేదు, బాల్కనీ నిండా ఇసుక పలుకులు, కాళ్ళ కింద గరగర, పొద్దునా సాయంత్రం స్కూప్ చేయకపోతే వాసన హాల్లోకి వస్తుంది, వానలప్పుడు ఇంకాస్త ఎక్కువ. బస్తా ఖర్చు కూడా పెరిగింది, పెద్ద పెట్టె కాబట్టి ఒక్కసారికే పది కిలోలు పడుతుంది. ఈమధ్య పక్కింట్లో డ్రిల్లింగ్ జరిగినప్పుడు ఒకసారి మళ్ళీ పట్టా మీద పోశాడు, పెట్టెలో ముద్దలు కూడా ఆ రోజు చిన్నవయ్యాయి, కనిపించింది కాబట్టి అదే సాయంత్రం డాక్టర్‌కి ఫోన్ చేశాను, నీళ్ళూ తడి ఆహారం పెంచి రెండు రోజులు గమనించమన్నారు, సర్దుకుంది.