మా నల్లపెట్ట సూది మింగింది: పశువైద్య కాలేజీ ఆసుపత్రికి 5కి 4 మార్కులు

సూది ఒక్కటే కాదు, దారంతో సహా మింగింది. అత్తయ్య అరుగు మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటున్నారు. పాలబ్బాయి పిలిస్తే సూదిని చాప మీదే వదిలేసి లేచారు. తిరిగొచ్చేసరికి పెట్ట ముక్కులోంచి జానెడు ఎర్రదారం వేలాడుతోంది, సూది మాత్రం లేదు.

"లాగెయ్యమ్మా, వచ్చేస్తుంది" అన్నారు అత్తయ్య. నేనూ లాగేదాన్నే, కానీ టెన్షన్‌లో ముందు మండలం పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన గట్టిగా అరిచినంత పని చేశారు. లాగితే సూది మొన లోపల గుచ్చుకుంటుందట, దారం గొంతుని కోసేస్తుందట, అందుకని దాన్ని అలాగే ఉండనిచ్చి ఎక్స్‌రే ఉన్న చోటికి తీసుకెళ్ళమన్నారు. ఆముదం, నూనె లాంటివి పొయ్యొద్దు, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదియ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే సూది కన్నా ముందు అదే చంపుతుంది అన్నారు. మా వీధిలో అప్పటికే ఇద్దరు ఆముదం సీసాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు మరి.

ముందు టౌన్‌లో ఉన్న ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌కి వెళ్ళాం. పేరు చెప్పను. "కోడికా అండీ?" అని కౌంటర్‌లో అమ్మాయి నవ్వింది, కుక్కలూ పిల్లులూ మాత్రమే చూస్తారట. పక్కన కుక్కతో కూర్చున్నాయన ఉచిత సలహా ఇచ్చాడు, కోసుకుని తినెయ్యొచ్చుగా అని. ఏసీ బాగుంది, అంతకు మించి చెప్పడానికేం లేదు.

అక్కణ్ణుంచి పశువైద్య కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాం, ఈ రివ్యూ అసలు దాని గురించే. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలోనూ, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులోనూ ప్రభుత్వ పశువైద్య కాలేజీలున్నాయి, మీకు ఏది దగ్గరో చూసి పెట్టుకోండి. మేం వెళ్ళినచోట ఓపీ చీటీ రాసే కుర్రాడు "పేరు?" అన్నాడు, నా పేరు చెప్పాను, "మీది కాదండీ, కోడిది" అన్నాడు. నల్లపెట్ట అని రాయించుకుని గేదెల వెనక లైన్లో నిలబడ్డాం.

ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరమ్మ వివరంగా చెప్పారు. కోడి మింగినది ముందు మెడ కింద, కొంచెం కుడి పక్కకి ఉండే మేత సంచిలోకి వెళ్తుంది, తర్వాతే కందనకాయకి. ఫిల్ములో కందనకాయ నిండా రాళ్ళు తెల్లచుక్కల్లా కనిపించాయి, సూది మాత్రం ఇంకా పైన సంచిలోనే అడ్డంగా తెల్లగీతలా ఉంది. అదే కందనకాయలోకి దిగి ఉంటే, పళ్ళు లేని కోడికి గింజల్ని పిండి చేసే కండరం కదా, ఆ పిసుకుడుకి సూది గోడని చీల్చుకుని బయటికొచ్చేసేది. మీరు త్వరగా తెచ్చారు కాబట్టి బతికింది అన్నారు, నేను మాత్రం మనసులో ఏసీ క్లినిక్‌లో పోయిన ముప్పావుగంట లెక్కేసుకుంటున్నాను.

ఈకలు పీకి, తిమ్మిరెక్కే ఇంజెక్షన్ ఇచ్చి, బొటనవేలి గోరంత కోత పెట్టి సూది తీశారు. సంచికి వేరుగా, తోలుకి వేరుగా కుట్లు వేశారు. చుట్టూ ఓ పదిమంది స్టూడెంట్లు, పెట్టేమో ఒక్క కన్ను తెరిచి అందర్నీ చూస్తూ పడుకుంది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు రాగిజావ, మెత్తటి అన్నం మాత్రమే పెట్టాం. రోజూ పొద్దున్నే మేత వెయ్యకముందు సంచి తడిమి చూడమన్నారు, ఖాళీగా ఉంటే అరుగుతున్నట్టు, గట్టిగానో నీళ్ళసంచిలానో ఉంటే వెంటనే తీసుకురావాలి. మందులు ఆపాక కూడా వాళ్ళు చెప్పినన్ని రోజులు గుడ్లు తినలేదు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చీటీ ఒక కిటికీ, ఎక్స్‌రే డబ్బులు ఇంకో కిటికీ, ఏ గది ఎక్కడో చెప్పే బోర్డు లేదు, మధ్యాహ్నం కౌంటర్ మూసేస్తారు. మందులు కూడా సగం బయటే కొన్నాం. అట్టపెట్టెలో కోడిని పట్టుకుని ఎండలో తిరగడం ఎంత నరకమో మీరే ఊహించుకోండి.

చిన్న రాయి మింగిందనో, గుండ్రటి పూస మింగిందనో పరిగెత్తక్కర్లేదు, మేత తింటూ హుషారుగా ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. మేకు, తీగముక్క, పిన్నీసు, బటన్ బ్యాటరీ, వలకి కట్టే సీసపు గుండు లాంటివైతే ఆగొద్దు. సీసం, జింకు పూత ఉన్న తీగలు గుచ్చుకోకపోయినా లోపల కరిగి విషమవుతాయట.

సూదిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు, దారంతో సహా. అత్తయ్య దాన్ని కడిగి మళ్ళీ కుట్టుపెట్టెలో పెట్టేసుకున్నారు.