మెనూ పైనా, కిందా? లాడ్జి సైటుకి ఏది మేలు

తిరుపతిలో లాడ్జిలకీ, ట్రావెల్స్‌కీ వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్లు ఈ మధ్య పదేపదే అడుగుతున్నది ఇదే: మెనూ పైన పెట్టాలా, కింద పెట్టాలా, మూడు గీతల గుర్తు వెనక (నొక్కితేనే తెరుచుకునేలా) దాచేయాలా?

కంప్యూటర్ తెరకైతే వాదన అక్కర్లేదు, పైనే. ఎడమవైపు నిలువు మెనూ రోజంతా అదే స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకి పనికొస్తుంది. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి బిల్లింగ్ ప్యానెల్ చేస్తుంటే అదే పెట్టండి.

లాడ్జి సైటు సంగతి వేరు. దాన్ని తెరిచేవాళ్లలో ఎక్కువమంది రైలు దిగి స్టేషన్ బయట నిలబడ్డవాళ్లే. ఒక చేతిలో బ్యాగో, చంటిబిడ్డో. ఫోన్ పట్టుకున్న చేతి బొటనవేలు ఒక్కటే ఖాళీ. నా లెక్కలో తేల్చాల్సింది ఆ వేలే. 2013లో మొబైల్ డిజైనర్ స్టీవెన్ హూబర్ వీధుల్లో, బస్సుల్లో ఫోన్ వాడుతున్న 1,333 మందిని గమనిస్తే, తెరని తాకుతూ వాడుతున్నవాళ్లలో 49 శాతం ఒంటిచేత్తోనే పట్టుకున్నారు. అప్పటికంటే ఇప్పటి ఫోన్లు ఎంత పొడుగో చెప్పక్కర్లేదు. పైమూలకి వేలు చాచాలంటే ఫోన్ జారుతుంది. 2021లో ఐఓఎస్ 15తో యాపిల్ తన బ్రౌజర్ సఫారీ అడ్రస్ బార్‌ని కిందికి దించింది కూడా. అందుకే ఫోన్లో నా ఓటు కిందికే.

మూడు గీతల గుర్తు 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్ నుంచీ ఉంది. ఓనర్లకి ‘నీట్‌గా ఉంది’ అని ముచ్చట. కానీ దాచిన మెనూని జనం అంతగా తెరవరని 2016లో నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే డిజైన్ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. గది రేటు కనబడకపోతే యాత్రికుడు వెతుక్కుంటూ కూర్చోడు, ఎదురుగా ఉన్న లాడ్జిలోకి నడుస్తాడు. ఫోటోలు, నిబంధనలు లాంటివి ఆ మూడు గీతల వెనక పడేయండి, చాలు.

కింద బార్‌కీ తలనొప్పులున్నాయి. 360 పిక్సెళ్ల తెరలో నాలుగు బటన్లంటే ఒక్కోదానికి 90. ‘సంప్రదించండి’ అని రాస్తే ఇరుక్కుంటుంది, ‘ఫోన్’ అంటే హాయిగా పడుతుంది. గదులు, బుకింగ్, దారి, ఫోన్: ఇంతకు మించొద్దు. ఇంకోటి, ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచిన ఎత్తులో మన వత్తులు తెగిపోతాయి. ‘రద్దు’ కాస్తా ‘రదు’ అయి కూర్చుంటుంది. లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరాల సైజుకి 1.5 రెట్లకి తగ్గనివ్వకండి. ఫోన్ అడుగున ఉండే జెశ్చర్ గీత మీద బటన్లు పడకుండా సేఫ్ ఏరియా ఇన్‌సెట్ (అంచున ఖాళీ జాగా) వదలండి. పేరు, తేదీ టైప్ చేసేటప్పుడు బార్ కీబోర్డు మీదికెక్కి ఫారాన్ని కప్పేస్తుంటే, ఆ కాసేపు దాచేయండి.

ఓనర్ తన ఆఫీసు కంప్యూటర్లో చూసి ‘మెనూ యాడబ్బా?’ అంటే కంగారొద్దు. 768 పిక్సెళ్లు దాటిన తెరలో అవే నాలుగూ పైకి వెళ్లేలా ఒక మీడియా క్వెరీ (తెర వెడల్పుని బట్టి అమరిక మార్చే సీఎస్ఎస్ కోడ్) రాస్తే పనైపోతుంది.