షోరూమ్ సర్వీసా, వీధి మెకానిక్కా, మన చెయ్యా: బండికి ఏది మేలు?

కొత్త బైకుకి ఫ్రీ సర్వీసులు అయిపోయిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. ఇక మీదట కూడా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇద్దామా, వీధి చివర మెకానిక్‌కి చూపిద్దామా? చర్చంతా బిల్లు ఎంతవుతుందన్న దాని చుట్టూనే తిరుగుతుంది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే మన బండి ఆగుతుందా లేదా అన్నది నాకు అంతకంటే ముఖ్యం. అటు నుంచి చూస్తే ఈ ఇద్దరితో పాటు మూడో మనిషి కూడా లెక్కలోకి వస్తాడు, బండి నడిపేవాడు. ఒక సర్వీసుకీ ఇంకో సర్వీసుకీ మధ్య మూడు నెలలో, మూడు వేల కిలోమీటర్లో గడుస్తాయి. అన్నాళ్లూ బండి అతని చేతిలోనే కదా ఉండేది.

ముందు కంపెనీ సర్వీసు సంగతి. వారంటీ ఉన్నంత కాలం వేరే ఆలోచన పెట్టుకోవద్దు. బయట చేయించిన పని వల్ల రేపు ఇంజన్‌కి ఏదైనా వస్తే మాట్లాడుకోవడానికి మనకి ఆధారం ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి. మీటర్‌లో ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ తగిలించి కోడ్ చదవాలి, చెవి పెట్టి విని తేల్చేది కాదు. ఏబీఎస్ కూడా అంతే, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగిసిపోకుండా చూసేది అదే. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి. మీటర్‌లో ఏబీఎస్ లైటు ఆరకపోతే నేరుగా కంపెనీకే తీసుకెళ్లండి.

అక్కడ నాకు నచ్చనిది ఒకటుంది. పని మన కళ్లముందు జరగదు. జాబ్ కార్డు రాసేది ఒకరు, స్పానర్ పట్టేది ఇంకొకరు. మా మేనల్లుడి బండి ఒక సర్వీస్ సెంటర్ నుంచి వాటర్ వాష్‌తో తళతళలాడుతూ వచ్చింది. చైన్ మాత్రం తీగలా బిగిసిపోయి ఉంది. మామూలు బండికి చైన్ కింది వరసను మధ్యలో వేలితో పైకి నొక్కితే రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి. ఇదేమో అర సెంటీమీటరు కూడా కదల్లేదు. బిగువుగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు చాలామంది. మనిషి ఎక్కి కూర్చోగానే వెనక షాక్‌లు దిగి చైన్ ఇంకా బిగుస్తుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీదా, స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీదా పడుతుంది. గతుకులో ఒక్క దెబ్బ తగిలితే చైన్ తెగినా తెగొచ్చు. వెనక్కి తీసుకెళ్తే వెంటనే వదులు చేశారు, కానీ వేలు పెట్టి చూశాం కాబట్టే తెలిసింది.

వీధి మెకానిక్ బలం వేరు. ఆటోనగర్‌లోనో, వన్‌టౌన్ సందుల్లోనో ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నవాళ్ల చేతికి తెలిసినంత కాగితానికి తెలియదు. నాకు తెలిసిన ఒకాయన దగ్గరికి హ్యాండిల్ ఒక పక్కకి లాగుతోందంటూ ఒక కుర్రాడు వచ్చాడు. ఆయన బండిని సెంటర్ స్టాండ్ వేయించి, వెనక సీటు మీద కాస్త బరువు పెట్టమని, ముందు చక్రం గాల్లోకి లేచాక హ్యాండిల్‌ని రెండు వేళ్లతో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడల్లా చిన్నగా పట్టుకుంటోంది. "కోన్ సెట్ పోయింది తమ్ముడూ, నువ్వే తిప్పి చూడు" అని కుర్రాడి చేత కూడా తిప్పించాడు. కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. ఆ తర్వాత ఫోర్కులు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూపించాడు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తన బండిలో ఏం పాడైందో ఆ కుర్రాడికి తన చేత్తోనే తెలిసింది. ఇలాంటి మెకానిక్ దొరికితే వదులుకోవద్దు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది సామాను దగ్గర. బ్రేక్ షూలకీ ప్యాడ్లకీ డూప్లికేట్లు వస్తాయి. ప్యాకెట్ మన ముందే విప్పమనాలి, లేదా మనమే కంపెనీ పార్టులు కొనివ్వాలి. అరిగిన షూలని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. డిస్క్ బ్రేక్ ఆయిల్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఎప్పుడో మూత తీసిన డబ్బాలోది పోస్తే, బ్రేకు వేడెక్కినప్పుడు లోపల ఆవిరి బుడగలు పుట్టి లివర్ మెత్తగా దిగిపోతుంది. కొత్త డబ్బానే విప్పించండి, బండి బ్రేక్ ఆయిల్ మూత మీద రాసిన డాట్ (DOT) నంబరు, అంటే ఆయిల్ రకం, చూసి అదే పోయించండి. రెండేళ్లకోసారి మార్చాలని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి.

ఇక మన చెయ్యి. వారానికి పది నిమిషాలు చాలు. అందులో సగం టైర్లకే ఇవ్వండి.

టైరు గాలిని ఉదయం బండి తీయకముందే చూడాలి. రోహిణీ కార్తె ఎండల్లో మధ్యాహ్నం బంకులో కొలిస్తే టైరు కాగి ఉండి ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. చాలా 100, 125 సీసీ బండ్లకి ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దరిదాపుల్లో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి ఇంకా కావాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లోనో, బండి మీదున్న స్టిక్కర్‌లోనో ఉంటుంది. సొంతంగా చిన్న గేజి ఒకటి కొనుక్కోండి, ఎక్కడ గాలి కొట్టించినా సరిచూసుకోవచ్చు. టైరు పక్క గోడ మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా పైకి చూస్తే గాడి అడుగున చిన్న దిమ్మ కనిపిస్తుంది. అరుగుదల ఆ దిమ్మని తాకిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. గోడ మీదే నాలుగంకెల నంబరు కూడా ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. గాడులు బాగానే ఉన్నా గోడలకి పగుళ్లు వస్తే మార్చక తప్పదు.

బ్రేకులకి కళ్లు చాలు. డ్రమ్ బ్రేక్ దగ్గర చాలా బండ్లకి బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అది హద్దు గీతని చేరితే షూలు అయిపోయినట్టు. డిస్క్ ఉంటే హ్యాండిల్ దగ్గరి ఆయిల్ కిటికీ చూడండి. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. కారణం తెలియకుండా ఊరికే నింపేయొద్దు. రాత్రి బండి వెనక భాగం గోడ వైపు ఉండేలా నిలబెట్టి చెయ్యి బ్రేకూ కాలి బ్రేకూ విడివిడిగా వేస్తే, ఏ బ్రేకు లైటు స్విచ్చి పనిచేయడం లేదో ఎర్ర వెలుగులో తెలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ స్టిక్కుని చదునైన చోట సెంటర్ స్టాండ్ మీద చూడాలి.

బయటికి కనిపించే చైన్‌కి ఐదారు వందల కిలోమీటర్లకోసారి నూనె కావాలి. స్ప్రేనా, 90 నంబరు గేర్ ఆయిలా? మన ఊరి దుమ్ముకి స్ప్రే నయం, ఆయిల్ కారి చక్రానికీ టైరుకీ అంటుతుంది. ఆయిల్ చవక, పని కూడా చేస్తుంది, వేశాక గుడ్డతో తుడవాలంతే. ఏది వేసినా ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ వేయండి. గేర్‌లో పెట్టి తిరుగుతున్న చైన్‌ని గుడ్డతో తుడిచేవాళ్లని చూస్తే నాకు గుండె జారిపోతుంది. గుడ్డ చిక్కుకుంటే స్ప్రాకెట్‌లోకి వేళ్లు పోతాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

మన చెయ్యి అసలు పెట్టకూడని సందర్భం కూడా ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నానిన బండ్లు ఎన్నో. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టినా, కిక్ కొట్టినా సిలిండర్‌లోని నీళ్లు కనెక్టింగ్ రాడ్‌ని వంచేయగలవు. స్టార్ట్ చేయకుండా తోయించుకుని వెళ్లి ఆయిల్ తీయించాలి, బ్రేక్ డ్రమ్ములూ చక్రాల బేరింగులూ విప్పించాలి. పాత కార్బురేటర్ బండికి మంచి మెకానిక్ చాలు, ఇంజెక్షన్ బండి అయితే కంపెనీకే.

మామూలు రోజుల్లో నా తీర్పు ఇది: వారంటీ బండి, ఏబీఎస్, ఇంజన్ లైటు కంపెనీకి. వారంటీ దాటాక షూలు, కేబుళ్లు, చైన్ సెట్, కోన్ సెట్ నమ్మకమైన మెకానిక్‌కి, కంపెనీ సామానుతో. ఊళ్లోనే తిరిగేవాళ్లకి వారానికోసారి చూసుకుంటే సరిపోతుంది. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా రోజూ హైవే ఎక్కి బెజవాడ వచ్చిపోయేవాళ్లకి మాత్రం సరిపోదు. లారీల పక్కన ఆ వేగంలో టైరు పేలితే సర్దుకునే చోటే ఉండదు. వాళ్లు వారంలో రెండుసార్లు గాలి చూసుకోవాలి. వెనక టైరుని దిమ్మ తాకేదాకా ఉంచకుండా, వానలు మొదలయ్యే లోపే మార్పించేయాలి.